ఇరవై ఎనిమిది అడుగులు

ఆటల పిచ్చి ఉన్నవాళ్ళను చూసి జాలిపడటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఒమన్‌కి నర్సుగా వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడికొచ్చాక ఆ జాలికి కొంచెం గర్వం కూడా తోడైంది. క్రికెట్ మ్యాచ్ ఉంది, డ్యూటీ మార్చుకోండి సిస్టర్ అని బతిమాలే తోటి ఉద్యోగులకు నిలబెట్టి నీతులు చెప్పేదాన్ని. అలాంటి నేను ఒక సెప్టెంబరు నెలలో, ఎన్నడూ చూడని దేశంలోని, ఎన్నడూ పేరు వినని జట్టు గెలవాలని ఉపవాసం ఉన్నాను. ఉపవాసంతో ఆగి ఉంటే ఈపాటికి నవ్వుకుని మర్చిపోయేదాన్ని.

ఆస్పత్రివాళ్ళు నన్ను సీబ్‌లో విమానాశ్రయం పక్కనున్న ఒక విల్లాకు హోమ్ డ్యూటీకి పంపారు. పేషెంటు డెబ్బై ఆరేళ్ళ ఆస్ట్రేలియా పెద్దాయన. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న కూతుర్ని చూసి పోదామని వచ్చి, వచ్చిన మూడో రోజునే మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మనిషి నడవనంటాడు. వాకర్ చేతికిస్తే రెండడుగులు వేసి, నా పని అయిపోయిందన్నట్టు మంచం మీద కూలబడేవాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా నా పనల్లా ఆయన్ని నడిపించడం, ఆయన పనల్లా నడవకుండా ఉండటం.

ఆయన మాట్లాడేది ఇంగ్లీషేనని కూతురు హామీ ఇచ్చింది కాబట్టి నమ్మాను. మొదటి వారం సగం మాటలకు తల ఊపి, మిగతా సగానికి బీపీ చూసేదాన్ని. రెండో వారానికి ఆయన బాధ ఏమిటో నాకర్థమైంది. అది తుంటి బాధ కాదు.

వాళ్ళ దేశంలో ఒక ఫుట్‌బాల్ ఉంది. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, ఒకరి భుజాల మీదికి ఇంకొకరు ఎక్కి గాల్లోంచి బంతిని అందుకోవచ్చు. అలా ఎక్కించుకున్నవాడు కూడా ఏమీ అనుకోడు. ఏడాదంతా ఆడాక పైనున్న ఎనిమిది జట్లు సెప్టెంబరులో ఫైనల్స్ ఆడతాయి. నాలుగు దశలు. చివరిదాన్ని గ్రాండ్ ఫైనల్ అంటారు. ఈయన జట్టు కప్పు గెలిచి దాదాపు యాభై ఏళ్ళయింది. అప్పుడు ఈయనా, ఈయన స్నేహితుడూ పాతికేళ్ళ కుర్రాళ్ళు, పక్కపక్కనే కూర్చుని చూశారు. ఆనాటినుంచీ ప్రతి ఏడూ పక్కపక్కనే కూర్చుని ఓడిపోవడం చూస్తున్నారు. ఈ ఏడు జట్టు మూడో స్థానంలో నిలిచింది. గ్రాండ్ ఫైనల్‌కి వస్తే రెండు టికెట్లు నా దగ్గర ఉంటాయి, నువ్వొచ్చి నా పక్కన కూర్చోవాలి అని ఆ స్నేహితుడు రోజూ ఫోను.

విమానం ఎక్కాలంటే డాక్టరు ఉత్తరం కావాలి. ఉత్తరం కావాలంటే వాకర్ పట్టుకుని, మధ్యలో కూర్చోకుండా, మూడు రోజులు వరుసగా నలభై అడుగులు నడవాలి. విల్లా మీదుగా విమానాలు కిందికి దిగుతూనే ఉండేవి. ప్రతి చప్పుడుకీ ఆయన కిటికీ వైపు చూసేవాడు, తర్వాత తన కాలి వైపు చూసుకునేవాడు.

అప్పుడు నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. వచ్చిందని ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. ఆ ఆటలో మధ్య రెండు స్తంభాల గుండా బంతి పోతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క స్తంభాల మధ్యనుంచి పోతే ఒక పాయింటు. తప్పినా ఊరికే పోనివ్వకుండా ఒకటిచ్చే ఆట అది, మా నర్సింగ్ కాలేజీలో అలాంటి దయగల పరీక్షకురాలు ఒక్కరూ లేకపోయారు. నేనన్నాను, "సార్, మీ జట్టు గోల్ కొడితే మీరు ఆరడుగులు వెయ్యాలి. తప్పితే ఒక్కడుగు." పాత మ్యాచ్‌లు పెట్టించాను. ఆయన గొణుక్కుంటూనే లేచాడు. వారంలో పన్నెండు అడుగులయ్యాయి, తర్వాత పద్దెనిమిది. నా పద్ధతి గురించి ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాను కూడా.

ఫైనల్స్ మొదటి వారం వచ్చింది. వాళ్ళకు సాయంత్రమైతే మనకు మధ్యాహ్నం. ఆయన మెడకు జట్టు రంగుల్లో ఎరుపూ నలుపూ మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు, బయట నలభై డిగ్రీలు. జట్టు చిత్తుగా ఓడింది. ఆయన ఒక చిన్న తిట్టు తిట్టి టీ అడిగాడు. నాకు భయం పట్టుకుంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషి మామూలుగా ప్రవర్తిస్తాడని చదువుకున్నదాన్ని కదా. టీవీ ఆపేసి, ఆయన చెయ్యి పట్టుకుని, ఓదార్పుకు ఒక కీర్తన చదివాను. ఆయన చివరిదాకా మర్యాదగా విన్నాడు. మర్నాడు తెల్లారకముందే రూమ్‌లో లేచి అన్నం, చారు, బంగాళాదుంప వేపుడు వండాను. మనవైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వం కదా, పక్కింటివాళ్ళమే వండి పట్టుకెళ్తాం.

నా రూమ్‌లో ఉండే అక్క, కాకినాడ మనిషి, ఆ టిఫిన్ గిన్నెలు చూసి, "ఏంటే ఇదంతా? ఎవరు పోయారు?" అంది.

"మా పేషెంటు టీమ్ పోయిందక్కా."

"టీమంటే? బస్సు యాక్సిడెంటా?"

ఆయన వేపుడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తర్వాత నా ముఖం చూసి, సంగతి గ్రహించి, ఒక కాగితం మీద గీతలు గీసి చూపించాడు. పైన నిలిచిన నాలుగు జట్లకు మొదటి వారం ఓడినా ఇంకొక అవకాశం ఉంటుందట. అంటే వీళ్ళు పోలేదు. ఆయన నవ్వుతుంటే తుంటి నొప్పి చేసింది, నవ్వుతూనే మూలిగాడు. నేను ఒక మాత్ర ఇచ్చి, ఖాళీ గిన్నెలు కడుక్కుని వచ్చేశాను.

బతికొచ్చిన మనిషి మీద మమకారం ఎక్కువవుతుందంటారే, నాకు ఆ జట్టు మీద అలా అయింది. ఆ శుక్రవారం పొద్దున ఆరాధనలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు నా చెయ్యి దానంతటదే లేచింది. జట్టు అని చెప్పడానికి నోరు రాలేదు. "ఒక కుటుంబం పెద్ద శోధనలో ఉంది, ఈ వారం గడిస్తే చాలు," అన్నాను.

పాస్టరుగారు జాలిగా, "కుటుంబంలో ఎంతమందమ్మా?" అన్నారు.

"ఇరవై మంది పైనే ఉంటారండీ."

"ఉమ్మడి కుటుంబమన్నమాట," అని కళ్ళు మూసుకున్నారు. నాతోపాటు ముగ్గురు ఆ పూట ఉపవాసం ఉన్నారు. వాళ్ళకు ఈ రోజుకీ నిజం తెలియదు.

శుక్రవారాలు ఆరాధన అయ్యాకే నా డ్యూటీ. మధ్యాహ్నం వెళ్ళి, వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. మన జట్టు ముందుంది. కడుపు కాలుతుంటే నడుం వాల్చినట్టు ఉంటుందని సోఫాలోకి మారాను. అవతలివాళ్ళు వరసగా మూడు గోల్స్ కొట్టారు. తిరిగి స్టూలు మీదికొచ్చాను. మనవాళ్ళు రెండు కొట్టారు. అంతే, నా పదకొండేళ్ళ గర్వం అక్కడ ఆఖరు.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. భీమవరం దగ్గర మా ఊరి చర్చి సంఘానికి పెద్ద. రాహుకాలమంటే నవ్వేవారు, పిల్లి ఎదురొస్తే దానికి దారిచ్చి మరీ వెళ్ళేవారు. అవన్నీ అజ్ఞానం అని మాకు నేర్పారు. కానీ టీవీలో క్రికెట్ పెడితే ఆ మనిషి వేరు. ఒకసారి నేను బజ్జీల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో అడుగు పెట్టగానే మనవాడు సిక్సర్ కొట్టాడు. "కదలకు! అక్కడే నుంచో!" అని కేకేశారు. పదిహేను ఓవర్లు నిలబడ్డాను. బజ్జీలు చల్లారిపోయాయి, కాళ్ళు మొద్దుబారాయి, మ్యాచ్ గెలిచాం. దాన్ని ఆయన మూఢనమ్మకం అనేవారు కాదు, సెంటిమెంట్ అనేవారు. ఆయన చాదస్తాన్ని నేను జీవితమంతా ఎగతాళి చేశాను. ఎగతాళి చేస్తూనే పూర్తిగా నేర్చుకున్నానని సీబ్‌లో తెలిసింది.

సెమీఫైనల్ గెలిచాం. "గెలిచాం" అని నేనే అన్నాను, ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

తర్వాతి వారమంతా ఆయన మంచి ఊపు మీద నడిచాడు. గోల్స్ లెక్క అవసరం లేకపోయింది. మంచం నుంచి హాలు, హాలు నుంచి వరండా. గురువారం నలభై ఒకటి. శుక్రవారం నలభై మూడు. ఆయన అడుగులు లెక్కపెట్టుకునేవాడు కాదు. "లెక్క నీ పని సిస్టర్, నడక నా పని," అనేవాడు. అంకె చెబితే పేషెంటు అక్కడే ఆగిపోతాడని నాదొక సిద్ధాంతం. అందుకని నలభై దాటిన సంగతి చెప్పకుండా, "బాగా వచ్చింది సార్" అని ఊరుకున్నాను. డాక్టరు ఉత్తరం వచ్చాక ఒకేసారి సంతోషపెట్టాలని నా ముచ్చట.

శనివారం మూడో దశ. ఇది గెలిస్తే గ్రాండ్ ఫైనలే. నేను స్టూలు మీద. పోయిన వారం వేసుకున్న బట్టలే, ఉతికి ఆరేసి మళ్ళీ వేసుకున్నాను. నాలుగు భాగాల ఆటలో ఆఖరి క్వార్టర్లో కూతురు కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. అదే క్షణాన మనవాళ్ళు గోల్ కొట్టారు. "మేడమ్, కదలొద్దు!" అని అరిచాను. ఒక పెద్ద కంపెనీలో వందమందికి ఆర్డర్లు వేసే మనిషి, కప్పు పట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే నిలబడింది. ఒకే ఒక్క పాయింటుతో గెలిచాం. అది కూడా గురి తప్పిన తన్నుకి దయగా ఇచ్చిన పాయింటు.

పెద్దాయన ఏడ్చాడు. ఫోనులో స్నేహితుడు అరుస్తున్న అరుపు వంటింట్లోకి వినబడింది. టికెట్లు చేతిలో ఉన్నాయి, నీ కుర్చీ నీకోసమే, వచ్చెయ్ వచ్చెయ్ అంటున్నాడు. ఆయన ఆ ఊపులోనే లేచి వరండా దాకా వెళ్ళొచ్చాడు. నలభై నాలుగు.

వారమంతా అడుగులు చిన్న చీటీ మీద రాసుకుని, శనివారం చార్టులోకి ఎక్కించి, ఫోటో తీసి ఆస్పత్రికి పంపడం నా పద్ధతి. ఆ ఫోటో చూసే డాక్టరు నిర్ణయిస్తాడు. డ్యూటీ దిగేముందు చార్టు ముందు కూర్చున్నాను. చీటీలో నలభై ఒకటి, నలభై మూడు, నలభై నాలుగు ఉన్నాయి. ఆయన ఆదివారం టికెట్ తీసుకుంటే మంగళవారానికి వెళ్ళిపోతాడు. అప్పుడు ఈ హాలు ఉండదు. ఆయన ఆ మంచం మీద, నేను ఈ స్టూలు మీద, మేడమ్ గుమ్మంలో, అన్నీ ఉన్నచోట ఉన్నందుకే కదా రెండు వారాలు గెలిచింది? ఆయనే కదిలి వెళ్ళిపోతే?

నర్సుకి వైద్య కారణం వెతకడం ఎంతసేపు? దూర ప్రయాణం, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, స్టేడియంలో మెట్లుంటాయి, జనం తోసేస్తారు. ఇవన్నీ నిజాలే. నిజాలన్నీ ఒక పక్కన పేర్చుకుని అబద్ధం రాశాను. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఒక్కొక్కటి పెంచుతూ రాసినందుకు, మెరుగుదల కనబడుతోందని, నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆదివారం జవాబొచ్చింది. మెరుగవుతోంది గానీ చాలదు, మరొక వారం చూద్దాం అని. ఆయన ఆ మెసేజ్ రెండుసార్లు చదివి ఫోను దుప్పటి మీద పెట్టాడు.

"దగ్గర దగ్గరగా వచ్చాననిపించింది సిస్టర్," అన్నాడు.

"వాకర్ ఉంటే అలాగే అనిపిస్తుంది సార్," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆయన తల ఊపాడు. లెక్క నా పని అని నమ్మినవాడు.

ఆ వారంలో కూతురు రెండుమూడుసార్లు ఆస్పత్రికి ఫోన్ చేసింది. వాళ్ళు చార్టు సంగతే చెప్పారు. బుధవారానికి డాక్టరు ఉత్తరం రాసినా సరిపోతుంది, నిజం చెప్పెయ్యి అని నాలో ఒక మనసు అంటుంటే, నాలుగు రోజులు ఓపిక పట్టు, కప్పు గెలిస్తే ఆయనే మర్చిపోతాడు అని ఇంకొకటి అంది. రెండోదాని మాటే నాకు తియ్యగా ఉంది. కప్పు పట్టుకుని ఆయన నాకు దండం పెడుతున్నట్టు ఊహించుకున్నాను. శుక్రవారం మళ్ళీ ఉపవాసం. ఉమ్మడి కుటుంబానికి ఇది ఆఖరి శోధన అని చెప్పాను.

గ్రాండ్ ఫైనల్ మనకు పొద్దున ఎనిమిదిన్నరకి మొదలు. ఆరింటికే చేరిపోయాను. స్టూలు సరిగ్గా పోయినసారి టైల్ మీదే పెట్టాను. మేడమ్‌కి కప్పు నేనే అందించి గుమ్మంలో నిలబెట్టాను. పాపం, ఆవిడ అప్పటికి పూర్తిగా మా మతంలో కలిసిపోయింది. లోకంలో నేను చెయ్యగలిగినదంతా చేశాను.

తొమ్మిది పాయింట్లతో ఓడిపోయారు.

మూడు క్వార్టర్లు ముందున్నారు. నాలుగోదాంట్లో కాళ్ళు చచ్చుపడిపోయినట్టు ఆడారు. నేను స్టూలు మీదనుంచి వెంట్రుకవాసి కదల్లేదు. ఆఖరి సైరన్ మోగాక మేడమ్ కప్పు కింద పెట్టి, తండ్రి తల నిమిరి, ఏడుపు కనబడకుండా పైకి వెళ్ళిపోయింది. టీవీలో గెలిచినవాళ్ళు ఎగురుతున్నారు. మధ్యమధ్యలో ఓడినవాళ్ళ జనాన్ని చూపిస్తున్నారు. ఆయన ముందుకు వంగి ఆ ముఖాల్లో స్నేహితుణ్ణి వెతుకుతున్నాడు.

"అక్కడెక్కడో ఉంటాడు," అన్నాడు. "నా కుర్చీలో ఎవరూ కూర్చోకుండా కోటు వేసి ఉంటాడు."

నేను అప్పుడు చెప్పేశాను. ధైర్యం కాదు, భరించలేక. నలభై ఒకటి, నలభై మూడు, నలభై నాలుగు అని అంకెలతో సహా చెప్పాను. ఆయనకు ముందు అర్థం కాలేదు. నా ఇంగ్లీషు తప్పేమో అనుకుని నెమ్మదిగా మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ చెప్పాను.

"ఎందుకు?"

స్టూలు చూపించాను. గుమ్మం చూపించాను. మీరు కదిలితే ఓడిపోతారేమోనని అన్నాను. బయటికి అంటుంటే ఎంత వెర్రిగా ఉందో అప్పుడు నా చెవులతో నేను విన్నాను. ఆయన కోప్పడితే బాగుండేది. నర్సు మీద ఫిర్యాదు చేస్తానన్నా తల వంచి ఒప్పుకునేదాన్ని.

టీవీ వైపే చూస్తూ, "గెలిచి ఉంటే వాడికి నా అవసరం ఉండేది కాదు," అన్నాడు. "పక్కన ఎవరుంటే వాళ్ళని కావిలించుకుని ఎగిరేవాడు." మఫ్లర్ తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పదకొండేళ్ళలో పేషెంటు ముందు ఏడవలేదు, అదొక గర్వం ఉండేది, అదీ పోయింది. యాభై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని ఓడిపోవడం చూసిన ఇద్దరిలో ఒకణ్ణి నేను ఈ రోజున ఒంటరిగా కూర్చోబెట్టాను. దానికి చార్టులో రాయడానికి వైద్య కారణమేదీ దొరకలేదు.

అంతలో ఆయన ఫోను మోగింది. స్నేహితుడే. ఆయన స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు. వెనక జనం మెట్లు దిగుతున్న చప్పుడు వినబడుతోంది. అవతలి మనిషి ముక్కు చీదుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఉండాల్సింది రా నువ్వు. ఎందుకు రాలేకపోయావు?"

ఇప్పుడు చెబుతాడనుకున్నాను. చెప్పాల్సిందే అనుకున్నాను. వాకర్ పిడి పట్టుకుని నిలబడ్డాను.

ఆయన నా వైపు చూడలేదు.

"కాలు ఇంకా కుదుటపడలేదురా," అన్నాడు. "తప్పు నాదే."